ఏడు కొండలు చాలా ఊళ్ళకున్నాయి: అమెరికా ఎగుడుదిగుడు నగరాల లెక్క

మాది ఏడు కొండల నగరం అని చెప్పుకోవడం అమెరికా ఊళ్ళకు పాత ముచ్చట. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, రోమ్‌ను చూసి పెట్టుకున్న వాతలివి. శాన్‌ఫ్రాన్సిస్కో చెప్పుకుంటుంది, సియాటిల్ చెప్పుకుంటుంది, సిన్సినాటి చెప్పుకుంటుంది. ఆ ఏడూ ఏవో వరసగా చెప్పమంటే ఒకరి జాబితా ఇంకొకరికి నచ్చదు. ఒక్క శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పేరున్న గుట్టలు నలభైకి పైగా ఉన్నాయి మరి. అసలు ఏడుకొండలవాడు ఈ పోటీలో దూరకుండా, 1970లలోనే వెళ్ళి పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో గుట్ట మీద గుడి కట్టించుకున్నాడు. అమెరికాలో తొలినాటి హిందూ దేవాలయాల్లో అదొకటి. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో కార్లేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి ఆ గుట్టెక్కిన రోజులున్నాయి. స్థలం ఎంచినవాళ్ళ మనసులో ఏముందో గానీ, కొండల విషయంలో ఆయన ఎంపిక తప్పలేదనే నా అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే ముందు ఒక చిక్కు విప్పాలి. అమెరికాలో అన్నిటికంటే ఎగుడుదిగుడు నగరం ఏది అని ఎవరినడిగినా ఠక్కున ఒక పేరు చెబుతారు. పేరు మారుతుంది, ఠక్కున చెప్పడం మాత్రం మారదు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొలిచి చెబుతారు కాబట్టి వచ్చిన తేడా ఇది.

డెన్వర్‌నే తీసుకోండి. సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉన్న ఊరు, అంటే 5,280 అడుగులు. శాసనసభ భవనం మెట్ల మీద ఆ ఎత్తుకు గుర్తు కూడా పెట్టుకున్నారు. అంత ఎత్తున ఉన్నా ఊరు చాలామటుకు బల్లపరుపే. పడమటి వైపు రాకీ పర్వతాలు గోడకు తగిలించిన పటంలా కనిపిస్తాయి గానీ, వాటిని ఎక్కాలంటే ఊరు దాటి పోవాలి. ఎత్తు వేరు, ఎగుడుదిగుడు వేరు. సముద్రం పక్కనే ఉండి, వెయ్యి అడుగుల ఎత్తు కూడా లేని శాన్‌ఫ్రాన్సిస్కో గుట్టలు కాళ్ళ పని పట్టినంతగా డెన్వర్ పట్టదు.

సరే, ఊళ్ళో మిట్టకూ పల్లానికీ మధ్య తేడా కొలుద్దామా? అదీ సగం సంగతే. రెండు వందల అడుగుల గుట్టను చుట్టుకుంటూ దారి వేస్తే పిల్లవాడు కూడా సైకిల్ మీద ఎక్కేస్తాడు. అదే గుట్ట మీదికి తిన్నగా, నిచ్చెన వేసినట్టు దారి వేస్తే కారుకే ఆయాసం వస్తుంది. గుట్ట ప్రకృతిది, దాని మీది వాలు మాత్రం సర్వే చేసినవాడు పెట్టింది. అమెరికా నగరాల్లో ‘ఇది భలే నిటారు’ అని మనం అబ్బురపడేదాంట్లో పెద్ద వంతు ఆ గీత గీసినవాడిదే.

వాలును శాతాల్లో చెబుతారు. నూరడుగులు ముందుకు వెళ్ళేసరికి ఎన్ని అడుగులు పైకి లేచామన్నదే ఆ శాతం. నూరు శాతం వాలంటే గోడలా నిలువుగా ఉంటుందనుకుంటారు చాలామంది, నిజానికి అది నలభై అయిదు డిగ్రీలే. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరుమోసిన ఫిల్బర్ట్ వీధి వాలు 31.5 శాతం, డిగ్రీల్లో పదిహేడున్నర. కాగితం మీద చూస్తే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. మన దేశంలో కొండ రహదారులకు మామూలుగా పెట్టుకునే హద్దు అయిదు శాతం దగ్గర ఉంటుంది, తప్పనిసరైన చోట ఏడు. మన ఘాట్ రోడ్లు పాములా మెలికలు తిరిగేది అందుకే: దూరం పెంచి వాలు తగ్గించుకోవడానికి. ఆ అయిదు శాతం పక్కన 31.5 పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో పుట్టుక చూస్తే ఆ వీధులు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. 1847లో జాస్పర్ ఓఫారెల్ అనే సర్వేయరు ఊరికి వీధుల ప్లాను గీశాడు. గళ్ళ నోటుపుస్తకంలా నిలువు గీతలు, అడ్డగీతలు. మరుసటేడే కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. జనం ఓడలెక్కి వచ్చిపడ్డారు. గళ్ళుగా కోసిన నేలను అమ్మడం తేలిక: ఫలానా బ్లాకు, ఫలానా స్థలం, ఇంత డబ్బు. కొన్నవాడు కొండను చూసి కాదు, కాగితాన్ని చూసి కొన్నాడు. కాగితం మీద కొండ కనబడదు కదా. ఆ తర్వాత ఎంత నిటారు గుట్ట అడ్డొచ్చినా వీధి పక్కకు తిరగలేదు, గుట్ట మీదుగానే తిన్నగా పోయింది.

హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య ఫిల్బర్ట్ ముక్క దగ్గర నిలబడితే ఆ మొండితనం కళ్ళకు కడుతుంది. అక్కడ కార్లు కిందికి దిగాలే తప్ప ఎక్కకూడదు. పైన కారు ముక్కు అంచు దాటగానే ముందు రోడ్డు మాయమవుతుంది. బానెట్టు, దాని వెనక దూరాన నీలంగా సముద్రపు ఖాతం, అంతే. రోడ్డు ఉందన్న నమ్మకంతో బ్రేకు మీద కాలు సడలించాలి. కాలిబాట కూడా బాటలా ఉండదు, మెట్లుంటాయి. పార్కింగు మరో విద్య. మూడు శాతం దాటిన వాలు మీద కారు నిలిపితే ముందు చక్రాలను తిప్పి ఉంచాలని అక్కడి నిబంధన. కిందికి చూస్తూ నిలిపితే చక్రం కాలిబాట అంచు వైపుకు, పైకి చూస్తూ నిలిపితే రోడ్డు వైపుకు. హ్యాండ్ బ్రేకు జారినా కారు అంచుకు తగులుకుని ఆగుతుంది. తిప్పకపోతే జరిమానా. నిటారు వీధులు కొన్నిటిలో కార్లను రోడ్డుకు అడ్డంగా నిలుపుతారు. అలాంటి చోట పల్లం వైపు తలుపు తీస్తే చేతిలోంచి విసురుగా లాక్కుపోతుంది, మిట్ట వైపు తలుపైతే భుజంతో తోస్తేగానీ తెరుచుకోదు.

ఈ వీధుల్లో గుర్రాలు బళ్ళను లాగిన రోజులు తలుచుకుంటేనే జాలేస్తుంది. తడిసిన రాళ్ళ మీద కాలు జారిన గుర్రాలను బండే వెనక్కి ఈడ్చుకుపోయిన సంఘటన చూసి ఆండ్రూ హాలిడీకి కేబుల్ కారు ఆలోచన వచ్చిందని అక్కడ కథగా చెబుతారు. కథలో దయ ఉంది, నిజమే. అయితే హాలిడీ ఇనప తీగల మోకులు తయారుచేసే వ్యాపారి అన్నది కూడా గుర్తుంచుకోవాలి. తన సరుకుకు కొత్త గిరాకీ కనిపెట్టాడు. 1873 ఆగస్టులో క్లే వీధి మీద మొదటి కారు నడిచింది.

దాని కిటుకు చాలా తేలిక. కారులో ఇంజన్ ఉండదు. రోడ్డు కింద కాలువలో ఇనప మోకు గంటకు తొమ్మిదిన్నర మైళ్ళ వేగంతో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. గ్రిప్‌మన్ అనే మనిషి నిలువెత్తు లివర్ లాగితే కింద పట్టకారు లాంటిది ఆ మోకును కరుచుకుంటుంది, కారు కదులుతుంది. వదిలేస్తే ఆగుతుంది. రెండు మార్గాలు అడ్డంగా దాటుకునే చోట ఒక మోకు మరో మోకు కింద నుంచి పోతుంది కాబట్టి, గ్రిప్‌మన్ సరిగ్గా సమయం చూసి పట్టు వదిలి, దొర్లింపు మీద దాటించి, మళ్ళీ పట్టుకోవాలి. దిగేటప్పుడు చక్రాల బ్రేకులు చాలవు. పట్టాల మీదికి కలప దిమ్మలను నొక్కే బ్రేకు ఇంకొకటి ఉంటుంది. కారు పక్కనుంచి పోతుంటే కాలిన చెక్క వాసన కొట్టేది అందుకే. ఆ దిమ్మలు కొద్ది రోజులకే అరిగిపోతాయి, మార్చేస్తూ ఉంటారు.

ఆ మోకు ఊరి సాంఘిక పటాన్నే తలకిందులు చేసింది. అంతకుముందు గుట్ట పైన ఉండటం అంటే నీళ్ళకూ సరుకులకూ అన్నిటికీ అవస్థ. డబ్బున్నవాళ్ళు పల్లంలోనే ఉండేవాళ్ళు. కారు గుట్ట ఎక్కగానే రైలు కంపెనీల కోటీశ్వరులు నాబ్ హిల్ మీదికి మేడలు మార్చారు. వాళ్ళలో ఒకడైన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ తమ గుట్టెక్కే కాలిఫోర్నియా వీధి మార్గాన్ని 1878లో తానే వేయించాడు. విశ్వవిద్యాలయం పేరుతో మనకు తెలిసిన స్టాన్‌ఫర్డే. 1906 భూకంపం వెంట వచ్చిన మంటల్లో ఆ మేడల్లో చాలా భాగం బూడిదయ్యాయి. ఖరీదు మాత్రం గుట్ట మీదే ఉండిపోయింది.

ఇదే ఊళ్ళో ఒక చోట గళ్ళ లెక్క పక్కన పెట్టి ఘాట్ రోడ్డు వేశారు. అందరూ ఫొటోలు దిగే లాంబార్డ్ వీధి అది. సహజంగా 27 శాతం వాలున్న ఆ ఒక్క బ్లాకును 1922లో ఎనిమిది మలుపులుగా తిప్పి వాలు తగ్గించారు. మన శ్రీశైలం దారిలోనో అరకు దారిలోనో మలుపులు లెక్కపెట్టుకుంటూ పోయినవాడికి లాంబార్డ్‌లో వింతేమీ కనబడదు. ఆ చుట్టుపక్కల మిగతా వీధులు అలా లేకపోవడమే అసలు వింత.

పిట్స్‌బర్గ్ సంగతి పూర్తిగా వేరు. నిజం చెప్పాలంటే అక్కడ కొండలే లేవు, లోయలే ఉన్నాయి. మౌంట్ వాషింగ్టన్ మీద గ్రాండ్‌వ్యూ అవెన్యూ అంచున నిలబడి చుట్టూ చూడండి. ఎదురుగా కనబడే గుట్టల తలలన్నీ ఇంచుమించు ఒకే మట్టంలో, ఎవరో కత్తితో కోసినట్టు ఉంటాయి. అసలిదంతా ఒకప్పుడు పీఠభూమి. అలెగెనీ, మొనాంగహేలా నదులూ వాటిలో కలిసే లెక్కలేనన్ని వాగులూ లక్షల ఏళ్ళుగా దాన్ని కోసుకుంటూ కిందికి దిగాయి. కోయగా మిగిలిన ముక్కలే ఇప్పటి గుట్టలు. రెండు నదులూ కలిసి ఒహాయో నదిగా మారే చోటే ఊరి నడిబొడ్డు.

శాన్‌ఫ్రాన్సిస్కో రాళ్ళు సముద్రపు అడుగున పుట్టి, భూఫలకాల రాపిడిలో నలిగి, ముక్కలై పైకొచ్చినవి. పిట్స్‌బర్గ్ రాళ్ళు పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా కదలకుండా పడుకున్నవి. ఆ పేజీల మధ్య బొగ్గు ఉంది. మౌంట్ వాషింగ్టన్‌కు పాత పేరే కోల్ హిల్. నది కోసిన గట్టులో బొగ్గు పొర బయటికి కనిపించేది, తవ్వుకోవడానికి సొరంగం అడ్డంగా వేస్తే చాలు. పల్లంలో నది ఒడ్డున చదును నేల మొత్తం ఉక్కు కర్మాగారాలూ రైలు పట్టాలూ తీసేసుకున్నాయి. పనివాళ్ళు ఉండాలంటే వాలే గతి. ఇక్కడ గుట్టలెక్కింది పేదవాళ్ళు, చూడముచ్చటైన దృశ్యాల కోసం కాదు, చోటు లేక.

వాళ్ళు పొద్దున కిందికి దిగి, రాత్రి పైకి ఎక్కాలి. అందుకే రెండు రకాల దారులు పుట్టాయి. ఒకటి ఇంక్లైన్. వాలు వెంట పట్టాలు, మోకుకు రెండు పెట్టెలు, ఒకటి దిగుతుంటే దాని బరువు సాయంతో రెండోది ఎక్కుతుంది. మన బావి గిలకకు రెండు బిందెలు కట్టినట్టే. 1870లో మొదలైన మొనాంగహేలా ఇంక్లైన్, 1877 నాటి డ్యూకేన్ ఇంక్లైన్ ఇప్పటికీ నడుస్తున్నాయి. మొదటిదాని వాలు ముప్పై అయిదు డిగ్రీలు, అంటే డెబ్భై శాతం. ఫిల్బర్ట్ వీధి దీని ముందు మైదానం.

రెండోది మెట్లు. ఊళ్ళో ఏడు వందలకు పైగా మెట్ల దారులున్నాయి. వీటిలో చాలావాటికి వీధి పేరు ఉంటుంది, స్తంభం మీద పలక ఉంటుంది, మునిసిపాలిటీ లెక్కల్లో అవి వీధులే. కొత్తగా వచ్చినవాడు మ్యాపు చూసి ‘ఎడమకు తిరిగితే ఫలానా వీధి’ అనుకుని బండి తిప్పబోతాడు. చూస్తే రెయిలింగు, సిమెంటు మెట్లు, మెట్ల మధ్య మొలిచిన గడ్డి.

ఇంత గొడవలోనూ అమెరికాలోకెల్లా నిటారు వీధి అని చెప్పుకునే కాంటన్ అవెన్యూ ఈ ఊళ్ళోనే, బీచ్‌వ్యూ అనే పేటలో ఉంది. 37 శాతం అంటారు. ఆ వాలు ఉండేది కొన్ని అడుగుల మేరే. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు ఊరుకుంటారా, తమ బ్రాడ్‌ఫర్డ్ వీధిలో ముప్పై అడుగుల ముక్క 41 శాతం ఉందని చూపిస్తారు. రికార్డుల తగాదా అంతా ఇక్కడే: ఎంత పొడవు మీద కొలవాలి? అంచున కొలవాలా, నడుమ కొలవాలా? న్యూజిలాండ్‌లో బాల్డ్విన్ వీధికీ వేల్స్‌లో ఒక వీధికీ మధ్య ప్రపంచ రికార్డు 2019లో అటు పోయి 2020లో ఇటు వెనక్కి వచ్చింది కూడా కొలత ఎక్కడ పెట్టాలన్న గొడవ మీదే. ఒక్క వీధిని బట్టి ఊరిని తూచడం, ఒక్క మెతుకు చూసి అన్నం ఉడికిందో లేదో చెప్పడం లాంటిది కాదు. ఇక్కడ మెతుకులన్నీ ఒకేలా ఉడకవు.

లోయల ఊరికి ఇంకో ఖర్చుంది, వంతెనలు. 446 ఉన్నాయని పిట్స్‌బర్గ్ గొప్పగా చెప్పుకుంటుంది. 2022 జనవరి 28న వాటిలో ఒకటి, ఫెర్న్ హాలో వంతెన, మంచు పడ్డ ఉదయాన బస్సుతో సహా కూలింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. వంతెనలూ రోడ్లూ బాగుచేయడానికి నిధుల గురించి మాట్లాడటానికే అధ్యక్షుడు బైడెన్ ఆ రోజు ఆ ఊరికి రావలసి ఉంది. నేల సంగతీ అంతే: పొరల్లోని ఎర్ర బంకమట్టి నానితే జారుతుంది. 2018లో వానలు రికార్డు స్థాయిలో పడినప్పుడు ముప్పయ్యో నంబరు రహదారి ముక్కే ఈస్ట్ పిట్స్‌బర్గ్‌లో కింది ఇళ్ళ మీదికి జారిపోయింది.

సియాటిల్‌కు కోపం ఎక్కువ. మిగతా రెండు ఊళ్ళూ కొండతో ఏదో రకంగా కాపురం చేస్తే, ఇది కొండను చంపేసింది.

అక్కడి గుట్టలు గట్టి రాయి కావు. మంచుయుగంలో ఉత్తరాన కెనడా వైపు నుంచి మూడు వేల అడుగుల మందాన హిమం పాకి వచ్చి, తోసుకొచ్చిన మట్టీ గులకరాళ్ళూ పరిచి, వాటినే దువ్వెనతో దువ్వినట్టు దువ్వి వెళ్ళింది. హిమం ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచింది కాబట్టి గుట్టలన్నీ ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంటాయి. ఆ వైపు నడిస్తే ఊరు సాఫీగా ఉంటుంది. తూర్పుకో పడమటికో తిరిగారా, చచ్చారే. నడిబొడ్డున మాడిసన్, జేమ్స్ లాంటి వీధులు గోడలెక్కుతున్నట్టుంటాయి. ఒకప్పుడు ఫస్ట్ హిల్ మీద కోర్టు ఉండేది. అది ఎక్కుతూ వకీళ్ళు నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్ళని దానికి ‘తిట్ల గుట్ట’ అని పేరుపడింది.

ఊరి ఇంజనీరు ఆర్.హెచ్. థామ్సన్ 1892లో పదవిలోకి వచ్చాక ఈ గుట్టలు వ్యాపారానికి అడ్డమని తేల్చాడు. మట్టి గుట్టలు కాబట్టి నీళ్ళు కొడితే కరుగుతాయి. పెద్ద పెద్ద గొట్టాలతో నీటిని ఫిరంగిలా కొట్టి, గుట్టను బురద చేసి, ఆ బురదను ఎలియట్ ఖాతంలోకి వదిలారు. డెన్నీ హిల్ అనే గుట్టను తీసేయడం 1890ల చివర్లో మొదలై, దశలు దశలుగా 1930 దాకా సాగింది. గుట్ట మీద ఊరికే తలమానికం లాంటి హోటలు ఒకటి ఉండేది. అదీ పోయింది. తవ్వకపు ఖర్చు తామివ్వమని మొండికేసిన ఇళ్ళవాళ్ళ స్థలాలను మాత్రం వదిలి చుట్టూ తవ్వేశారు. ఆనాటి ఫొటోల్లో చూడాలి: ఎటు చూసినా చదును, మధ్యలో పుట్టల్లా నిలువెత్తు మట్టి స్తంభాలు, వాటి కొసన ఇల్లు. ఇంటికి దారి లేదు. పంతం ఎన్నాళ్ళు నిలుస్తుంది, చివరికి ఒక్కొక్కరూ దిగొచ్చారు.

పని పూర్తయ్యేసరికి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. అంత కష్టపడి చదును చేసిన నేల దశాబ్దాల పాటు పార్కింగు స్థలాలుగా, పొట్టి కట్టడాలతో బోసిగా పడి ఉంది. ఇవాళ అమెజాన్ ప్రధాన కార్యాలయపు టవర్లు లేచింది ఆ వైపే. మన పిల్లలు ఎంతోమంది బ్యాడ్జీలు మెళ్ళో వేసుకుని కాఫీకి నడిచే ఆ నున్నని రోడ్డు, లేని గుట్ట కింది అంతస్తు అన్నమాట.

ఉత్తరాన క్వీన్ ఆన్ గుట్టను మాత్రం కరిగించలేదు. అక్కడ ట్రాము ఎక్కడానికి రోడ్డు కింద సొరంగంలో బరువు బండి పెట్టారు. ట్రాము ఎక్కుతుంటే బరువు దిగుతుంది. ట్రాము పోయి ఎనభై ఏళ్ళు దాటినా ఆ ఎక్కుడును ఊరివాళ్ళు ఇప్పటికీ కౌంటర్‌బ్యాలెన్స్ అనే పిలుస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సిన్సినాటి, పిట్స్‌బర్గ్‌కు ఒహాయో నది మీద దిగువ చుట్టం. దానికీ అయిదు ఇంక్లైన్లు ఉండేవి, చివరిది 1948లో మూతపడింది. మెట్లు మిగిలాయి. గుడ్ ఫ్రైడే నాడు భక్తులు మౌంట్ ఆడమ్స్ చర్చికి మెట్టుకో ప్రార్థన చేస్తూ ఎక్కుతారు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ తిరుమల ఎక్కేవాళ్ళను చూసిన మనకు దాన్ని వివరించనక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌ను మైదానం అనుకుంటారు గానీ, ఎల్డ్రెడ్ వీధి 33 శాతం, బాక్స్‌టర్ 32. ట్రాఫిక్ తప్పించే యాప్‌లు జనాన్ని బాక్స్‌టర్ మీదికి తోలడంతో కార్లు జారి ఇళ్ళ గోడలకు తగలడం ఎక్కువైంది, 2018లో దాన్ని వన్‌వే చేశారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్ అయితే మొత్తం ఒక్క పొడుగాటి వాలు, ఎటు నడిచినా సరస్సులోకి దొర్లిపోతామనిపిస్తుంది.

కొలత పట్టే చోట ఎవరూ వేయని లెక్క ఒకటుంది, మంచు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మంచు పడదనే చెప్పాలి. 31 శాతం వీధులు అక్కడ చెల్లుబాటయ్యేది అందుకే. సియాటిల్‌లో అరుదుగా రెండంగుళాలు పడితే వాలు మీద బస్సులు అడ్డం తిరుగుతాయి, ఊరు సెలవు తీసుకుంటుంది. పిట్స్‌బర్గ్‌లో ఏటా పడుతుంది. పడినా ఎక్కాల్సిందే, దిగాల్సిందే. కాంటన్ అవెన్యూ ఎక్కుడును తారు వేయకుండా రాళ్ళతోనే ఉంచింది చక్రానికి కాస్త పట్టు దొరకాలనే. ఆ ఎక్కుడు మీదుగా ఒక సైకిల్ పోటీ జరుగుతుంది. పదమూడు గుట్టలు ఎక్కాలి. కాంటన్ దగ్గర సగంలో ముందు చక్రం గాల్లోకి లేచి, మనిషి పెడల్‌కు అతుక్కునే పక్కకు ఒరిగిపోతాడు. రెండు పక్కలా నిలబడ్డ జనం పట్టుకుని నిలబెడతారు.

నా ఓటు పిట్స్‌బర్గ్‌కే. నిటారు వీధి ఉన్నందుకు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గుట్ట అంటే దృశ్యం, సియాటిల్‌లో జ్ఞాపకం, ఇక్కడ మాత్రం రోజువారీ పని. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్ళు ఇల్లు చూసేటప్పుడు అద్దె ఒక్కటే అడిగితే చాలదు, వీధికి చక్రాలు వస్తాయా మెట్లొస్తాయా అని కూడా అడగాలి. సౌత్ సైడ్ స్లోప్స్‌లో మెట్ల దారి నడుమ, పైకీ కిందికీ రోడ్డు లేని ఇల్లు ఒకటి చూశాను. వరండాలో తెల్లగా కొత్త ఫ్రిజ్, అట్టపెట్టె ఇంకా పూర్తిగా విప్పలేదు. పైనుంచి దింపారో కిందనుంచి మోశారో తెలుసుకోవాలనిపించి కాసేపు అక్కడే నిలబడ్డాను, తలుపు తీసి ఎవరూ బయటికి రాలేదు.